మంత్రగాడి గుమ్మంలో పోతున్న గంటలు

తొలకరితో పాటే పాముకాట్లూ మొదలవుతాయి. నాట్లు వేసే చేతికో, చీకట్లో గట్టు మీద నడిచే కాలికో, నేల మీద చాప పరుచుకుని నిద్రపోతున్న పసివాడికో కాటు పడుతుంది. కరిచిన మరుక్షణం ఆ ఇంట్లో ఒక ప్రశ్న లేస్తుంది. ఆసుపత్రికా, మంత్రం వేసే ఆయన దగ్గరికా? మంత్రం వైపు మొగ్గే ప్రతి ఇంటికీ ఈ హెచ్చరిక.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. ఈ చావుల్లో ఎక్కువ భాగం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. పాము విషానికి విరుగుడు ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో దాన్ని ఉచితంగా ఎక్కిస్తారు. దశాబ్దాలుగా అది ప్రాణాలు నిలబెడుతూనే ఉంది. అయినా మనుషులు పోతున్నారంటే, కాటుకూ సెలైన్ స్టాండుకూ మధ్య గంటలు ఎక్కడో హరించుకుపోతున్నాయి.

ఆ గంటలు ఎలా పోతాయో పల్లెల్లో పెరిగినవాళ్ళకు వేరే చెప్పాలా? మొదట వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదంటారు. మిరపకాయ కొరికిస్తారు, ఘాటు తెలిస్తే ఫరవాలేదంటారు. కాటు పైన తాడు బిగించి కడతారు. బ్లేడుతో గాటు పెట్టి నెత్తురు పిండుతారు, పసరు పోస్తారు. వేపమండతో తల నుంచి కాలిదాకా దిగదుడుస్తూ మంత్రం చదువుతారు. తెల్లారేదాకా నిద్రపోనివ్వకండి, గండం గడుస్తుంది అంటారు. ఇంటివాళ్ళంతా చుట్టూ కూర్చుని ఆ మనిషి కళ్ళు మూతపడకుండా కాపలా కాస్తారు.

కట్లపాము కాటులో మూతపడేది ముందు కళ్ళే. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేస్తాయి. పాము కనబడలేదు కాబట్టి గాలి సోకిందంటారు, దయ్యం పట్టిందంటారు. ఆ రెప్పలు వాలడం నిద్ర వల్ల కాదు, విషం నరాలను పట్టేయడం వల్ల. ఆ స్థితిలో ఉన్న మనిషికి చాలాసార్లు చుట్టూ జరుగుతున్నది తెలుస్తూనే ఉంటుంది, కానీ కదలలేడు, పలకలేడు. ఆ సమయంలో విరుగుడు ఎక్కించి, గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి అందిస్తే లేచి ఇంటికి వెళ్తాడు. అలా వెళ్ళినవాళ్ళు వేలమంది ఉన్నారు.

మరి మంత్రంతో బతికినవాళ్ళు లేరా అంటారు. ఉన్నారు. ఈ మాటకు దాటవేయకుండా జవాబు చెప్పాలి. మన దేశంలో 300కు పైగా పాము జాతులుంటే, వాటిలో విషమున్నవి దాదాపు 60. మనుషుల్ని ఎక్కువగా చంపేవి నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం దిగదు. కాబట్టి ఏ మందూ లేకుండా, ఏ మంత్రమూ లేకుండా బతికేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే ఉంటారు. వాళ్ళంతా మంత్రగాడి ఖాతాలో పడతారు. పోయినవాళ్ళు మాత్రం విధి ఖాతాలో పడతారు, ఆలస్యంగా తెచ్చారన్న మాట ఖాతాలో పడతారు. ఇలా లెక్క రాస్తే ఎవరైనా గొప్ప వైద్యుడే అవుతాడు. సైన్సు అడిగేది ఒక్కటే: బతికినవాళ్ళనూ పోయినవాళ్ళనూ ఒకే పుస్తకంలో రాయండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో చేసే ఒక చిన్న పరీక్ష గురించి అందరూ తెలుసుకోవాలి. రక్తపింజర విషం నెత్తురును గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకని నర్సు రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోస్తుంది, దాన్ని కదపకుండా 20 నిమిషాలు నిలబెడుతుంది. తర్వాత ఒక్కసారి వంచి చూస్తుంది. నెత్తురు గడ్డకట్టి ఉంటే సరే. నీళ్ళలా జారిందంటే విషం పనిచేస్తున్నట్టే. వెంటనే విరుగుడు మొదలుపెడతారు. కొన్ని గంటల తర్వాత మళ్ళీ అదే పరీక్ష చేస్తారు. రోగి భార్య అయినా, తమ్ముడైనా పక్కన నిలబడి కళ్ళారా చూడవచ్చు. దీనికి భక్తి అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. ఎవరు చేసినా, ఎవరు చూసినా ఫలితం ఒక్కటే. మన జనం దగ్గర్నుంచి మెల్లగా జారిపోతున్నది ఈ రుజువు అడిగే అలవాటే. దాని మూల్యం పాముకాటు దగ్గర ఆగడం లేదు.

తెలంగాణలో బాణామతి అంటారు, కోస్తాలో చేతబడి అంటారు, విశాఖ మన్యంలో చిల్లంగి అంటారు. పేరేదైనా కథ నడిచే తీరు ఒక్కటే. బిడ్డ జ్వరం తగ్గదు. గేదె పాలివ్వడం మానేస్తుంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు మంచాన పడతారు. భూతవైద్యుడి దగ్గరికి వెళ్తారు. ఆయన నిమ్మకాయ కోస్తాడు, ఎర్రటి రసం కారుతుంది, ఎవరో చేయించారంటాడు. ఎవరని అడిగితే పేరు చెప్పడు. మీ ఇంటికి తూర్పున ఉంటుంది, ఒంటరి మనిషి, మీ అమ్మతో ఒకప్పుడు మాటామాటా అనుకుంది అంటాడు. అంతే. మిగతాది ఊరు పూరిస్తుంది. ఆ తూర్పింటి మనిషి చాలాసార్లు మొగుడు పోయిన ఆడది అయి ఉంటుంది, లేదా నాలుగు మూలికలు తెలిసిన ముసలాయన, లేదా గట్టు తగాదాలో అవతలి పక్షం.

ఆ నిమ్మకాయలో నెత్తురు లేదు. కత్తికి మందారపూల రసం పూసి ఆరబెట్టి, దానితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి రసం ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడం మన ఇళ్ళలో ప్రతి శుభకార్యానికీ చూస్తున్నదే. ఇదీ అలాంటి రసాయన చర్యే. ఇంట్లో బట్టలు వాటంతటవే అంటుకోవడంలో కూడా దయ్యం లేదు. తెల్ల భాస్వరం గాలి తగిలితే అగ్గిపుల్ల లేకుండా మండుతుంది. 1980లలో మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి భయం ముదిరినప్పుడు వైద్యులు, మానసిక నిపుణులు, హేతువాదులు ఊళ్ళు తిరిగి ఇలాంటివన్నీ విప్పి చూపారు. విజయవాడ నాస్తిక కేంద్రం వ్యవస్థాపకుడు గోరా అనుచరులు నిప్పులమీద నడిచి, ఇందులో మహిమ లేదు, మీరూ నడవవచ్చని జనాన్ని పిలిచారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు బడి పిల్లల చేతనే ఈ గారడీలు చేయించారు. ఆ పని ఇవాళ పలచబడింది. భయం మాత్రం పలచబడలేదు.

2022 జనవరి 20న జగిత్యాలలోని టీఆర్ నగర్‌లో కులసంఘం సమావేశానికి వచ్చిన ఒక తండ్రినీ, ఇద్దరు కొడుకులనూ మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో జనం మధ్యలోనే చంపేశారు. ఆ ఒక్క ఏడాదిలో దేశంలో 85 హత్యలకు మంత్రాల నెపమే కారణమని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. ఇవి చావుదాకా వెళ్ళినవి మాత్రమే. చెట్టుకు కట్టేసి కొట్టినవి, పళ్ళు పీకినవి, ఊరు వదిలి వెళ్ళిపోయేలా చేసినవి ఈ లెక్కలోకి రావు. ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇలాంటి హత్య ఒక్క క్షణంలో జరగదు. గుసగుస మొదలైన రోజుకూ గొడ్డలి లేచిన రోజుకూ మధ్య వారాలుంటాయి, నెలలుంటాయి. ఊరంతటికీ తెలుసు. సర్పంచికి తెలుసు, టీచరుకు తెలుసు, ఆశా కార్యకర్తకు తెలుసు. పాముకాటులో గంటలు పోయినట్టే ఇక్కడ నెలలు పోతున్నాయి.

ఇదంతా చదువురాని పల్లె జబ్బు అని పట్నంలో కూర్చుని తీర్పు చెప్పేవారికి మదనపల్లె గుర్తు చేయాలి. 2021 జనవరి 24న అక్కడ ఒక ఇంట్లో చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. తల్లిదండ్రులు అధ్యాపకులు, పెద్ద చదువులు చదివినవాళ్ళు. బిడ్డలు తిరిగి లేస్తారని, కొత్త యుగం మొదలవుతుందని వాళ్ళు నమ్మారని పోలీసులు చెప్పారు. తర్వాత వారిని విశాఖపట్నం మానసిక వైద్యశాలకు తరలించారు. 2018 జులై 1న ఢిల్లీలోని బురారీలో ఒకే ఇంట్లో 11 మంది శవాలై కనిపించారు. ఎప్పుడో పోయిన ఇంటిపెద్ద చెబుతున్నాడనుకున్న ఆదేశాలు ఆ ఇంట్లో నోటు పుస్తకాల నిండా ఉన్నాయి. ఈ రెండు ఇళ్ళ గురించి రాసేటప్పుడు ఎవరినీ వేలెత్తి చూపాలని లేదు. అక్కడ మనసుకు పట్టిన జబ్బు ఉందన్నది స్పష్టం. కానీ మామూలు జ్వరాన్ని గుర్తుపట్టే మనం, ఒక మనిషి కొన్ని నెలలుగా గొంతులు వినబడుతున్నాయంటుంటే అది జబ్బని ఎందుకు గుర్తుపట్టం? దాన్ని పూనకమనో, దైవ సందేశమనో, గాలి అనో అనుకునే వాతావరణం చుట్టూ ఉంది కాబట్టి. మందుతో అదుపులో ఉండే జబ్బును తాయెత్తుకీ, స్వస్థత సభకీ, గుడి మెట్లకీ అప్పగిస్తున్నాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన రోగులు, పాకకు నిప్పంటుకుంటే తప్పించుకోలేకపోయారు. 28 మంది పోయారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడం ఇవాళ చట్టప్రకారం నిషిద్ధం. అయినా గొలుసులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

దేవుణ్ణి నమ్మేవారితో ఈ వ్యాసానికి ఏ తగాదా లేదు. మొక్కుకోండి, దండం పెట్టుకోండి. దేవుడి పేరు చెప్పి మందు మాన్పించేవాడితోనే తగాదా.

ఇక సైన్సు మీద నమ్మకం ఎందుకు సడలిందో కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. జనం మూర్ఖులని తేల్చేయడం సులువు, కానీ అది అబద్ధం. 2021 మే నెల గుర్తుచేసుకోండి. ఆ నెల 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి 11 మంది చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. కరోనాకు పెద్దగా ప్రయోజనం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ముందు ఏడాదే చెప్పిన రెమ్‌డెసివిర్ కోసం జనం నగలమ్మి నల్లబజారులో కొన్నారు. పడకలు లేవు, బిల్లులు లక్షల్లో. అదే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య మందు కోసం వేలమంది ఎగబడ్డారు. ఆ మందు ఉచితం, ఇచ్చే మనిషి కసురుకోడు, పక్కనే ఉంటాడు. కంట్లో చుక్కలు వేయగానే ఊపిరి ఆడిందని ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు మాట్లాడిన వీడియో ప్రతి ఫోనుకూ చేరింది. కొన్ని రోజులకే ఆయన నెల్లూరు ఆసుపత్రిలో చనిపోయారన్న వార్త అంతమందికి చేరలేదు. ప్రభుత్వం చివరికి కంటిచుక్కలు తప్ప మిగతా మందుకు అనుమతిచ్చింది. అది కరోనాను తగ్గిస్తుందనడానికి మాత్రం రుజువు రాలేదు.

ఆసుపత్రి తలుపు మూసి ఉన్నచోట పసరు గిన్నె దగ్గర వరస కడతారు. ఈ సంగతి వైద్యులూ, పాలకులూ తలకెక్కించుకోవాలి. పాముకాటు రోగిని తెచ్చిన ఇంటివాళ్ళ మీద ఇంతసేపూ ఏం చేస్తున్నారని కేకలేసే డాక్టరు, తర్వాతి కాటును మంత్రగాడి దగ్గరికే పంపుతున్నాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు లేదని జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాదుకో విజయవాడకో తిప్పితే, ఆ తిరుగుడు కథ ఊళ్ళో పదేళ్ళు నిలుస్తుంది.

పైనున్నవాళ్ళ పాపం ఇంకా పెద్దది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవులు టెస్ట్‌ట్యూబు బిడ్డలని, రావణుడికి ఎన్నో రకాల విమానాలుండేవని ప్రసంగించారు. పురాణాన్ని పురాణంగా చదివి ఆనందించే జాతి మనది. దానికి ప్రయోగశాల ముద్ర వేయడం పురాణానికీ మర్యాద కాదు, సైన్సుకూ కాదు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని సైన్సుగా బోధించడం తగదని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వ్యవస్థాపకుడు పుష్పా భార్గవ సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2004లో ఆ పిటిషన్‌ను కొట్టేశారు. పదో తరగతి పాఠ్యపుస్తకం నుంచి జీవపరిణామాన్ని ఎన్‌సీఈఆర్‌టీ తీసేసింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం ప్రతి పౌరుడి విధి అని 1976 నుంచి రాజ్యాంగంలో 51ఎ అధికరణం చెబుతోంది. ఆ విధిని ముందు వదిలేసింది పౌరులు కాదు.

ఈ నేల సైన్సుకు పరాయిది కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును అక్కడి నుంచే విడదీసి చూశాడు. ఆ ఏటి పరిశీలనల్లో బయటపడిన పసుపు గీతే హీలియం అనే మూలకానికి తొలి ఆచూకీ అయింది. 1980 ఫిబ్రవరి 16 గ్రహణాన్ని పరిశీలించడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్ రంగాపూర్ వేధశాలలో దేశవిదేశాల శాస్త్రవేత్తలు మకాం వేశారు. ఆ గుంటూరులోనే, ఆ రంగాపూర్ చుట్టుపక్కలే, ఇవాళ గ్రహణం వస్తే నిండు చూలాలిని తిండీ నీళ్ళూ లేకుండా చీకటి గదిలో పడుకోబెట్టే ఇళ్ళున్నాయి. గ్రహణమొర్రి గ్రహణం వల్ల రాదు. గర్భిణి ఆకలితో, దాహంతో ఉంటే బిడ్డకు మేలు జరగదు.

ఈ భయాలకు ఇప్పుడు ఫోను తోడైంది. దయ్యాల వీడియోలు, వశీకరణ ప్రకటనలు, షుగరు వారంలో మాయమంటూ పొడులు రాత్రింబవళ్ళు తిరుగుతున్నాయి. మహిమగల మందులంటూ ప్రకటనలివ్వడాన్ని నిషేధించే చట్టం 1954 నుంచే ఉంది. దాన్ని అమలు చేయమని అడిగేవాళ్ళే తక్కువ. దినఫలాలతో తెల్లవారి దయ్యాల కథలతో పొద్దుపోయే టీవీ చానళ్ళు ఈ వ్యాపారంలో భాగస్వాములు, ప్రేక్షకులు కోరుకుంటున్నారన్న సాకు చెల్లదు.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద రహస్యమేమీ కాదు. మహారాష్ట్రలో హేతువాది నరేంద్ర దభోల్కర్ మూఢనమ్మకాల మీద దశాబ్దాలు పోరాడారు. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ను కాల్చి చంపాక గానీ చేతబడి నిరోధక చట్టం రాలేదు. కర్ణాటక 2017లో చట్టం చేసింది. ఒకరి మీద మంత్రగత్తె అని ముద్ర వేయడాన్నే నేరం చేసిన చట్టాలు బిహార్‌లో, జార్ఖండ్‌లో, అస్సాంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాత్రం ఇంకా చేయలేదు. మన చట్టం రావడానికి ఎవరి నెత్తురు కోసం ఆగాలి? వచ్చే శాసనసభ సమావేశాల్లోనే రెండు రాష్ట్రాలూ బిల్లు పెట్టాలి. భూతవైద్యుడు తూర్పింటి వైపు వేలు చూపిన రోజే కేసు పెట్టగలిగేలా ఆ చట్టం ఉండాలి. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ప్రతి ఆరోగ్య కేంద్రం గేటు మీద ఇవాళ విరుగుడు ఎన్ని సీసాలుందో రాసి పెట్టడం ఆ ప్రణాళికలో మొదటి పని కావాలి.

మంత్రం వేసే పెద్దలకూ ఒక విన్నపం. మీ దగ్గరికి వచ్చేది మీ ఊరి బిడ్డే. మీ మాట వాళ్ళు వింటారు, డాక్టరు మాట కంటే ఎక్కువ వింటారు. ముందు అంబులెన్సుకు ఫోన్ చేయించండి. మంత్రం వేయాలనుకుంటే దారిలో వేయండి.

ఇది చదివినవారు ఇంట్లో ఉన్న పెద్దలకు ఈ నాలుగు ముక్కలూ ఇవాళే వినిపించండి. పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, పసరు పోయొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఎవరికైనా గొంతులు వినబడుతున్నా, ఉన్నట్టుండి మనిషి మారిపోయినా 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మీ ఊళ్ళో ఎవరి మీదైనా బాణామతి మాట లేస్తే గొడ్డలి లేచేదాకా ఆగకండి, ఆ రాత్రే 112కు ఫోన్ చేయండి.